ఒక్కసారి ఎత్తిన బస్తా

రొట్టెల ఫ్యాక్టరీలో పిండి కలిపే విభాగానికి పాతికేళ్లుగా ఆయనే మేస్త్రీ. యాభై కిలోల బస్తాను ఎవరి సాయమూ లేకుండా భుజానికెత్తుకుని మెట్లెక్కేవాడని కొత్తగా చేరినవాళ్లకు కథలుగా చెప్పేవారు. ఆ మాటలు చెవిన పడితే మేస్త్రీ విననట్టే ఉండేవాడు గానీ, ఆ పూటంతా నడకే వేరుగా ఉండేది.

ఒకరోజు పొద్దుటి షిఫ్టులో, యంత్రం ఆపకుండా అంచుకంటిన పిండిని గీకబోయాడు. అలా చెయ్యొద్దని పదిమందికీ చెప్పే మనిషే. యంత్రం కుడిచేతిని మోచేతిదాకా లాగేసింది. మూడు ఆపరేషన్ల తర్వాత చెయ్యయితే మిగిలింది. కానీ రెండు వేళ్లు మడత పడవు, పట్టు లేదు, భుజం పైకి లేవదు.

నాలుగు నెలలకు కార్మిక బీమా ఆఫీసు నుంచి ఫారం వచ్చింది. అందులో ఒక పేజీ నిండా గళ్లు. సొంతంగా చేసుకోలేని పనులేమిటో రాయమని. భార్య పెన్ను పట్టుకుని పక్కన కూర్చుంది.

“స్నానం నేను చేయిస్తున్నానని రాయనా?”

“రాయి, ఊరంతా చదువుకుంటుంది.”

“ఊరెందుకు చదువుతుందండీ? ఆఫీసువాళ్లు చదువుతారు.”

“ఆఫీసువాళ్లు మాత్రం మనుషులు కారా? ఆ పేజీ వదిలెయ్.”

పేజీ ఖాళీగానే వెళ్లింది.

మెడికల్ బోర్డులో ముగ్గురు డాక్టర్లు బల్లకు అటువైపు కూర్చున్నారు. భార్య వెనకాల గోడవారగా కుర్చీలో కూర్చుంది. ముగ్గురిలో చిన్నది, కూతురి వయసు అమ్మాయి, ప్రశ్నలు అడిగింది.

“చొక్కా గుండీలు మీరే పెట్టుకోగలరా?”

“పెట్టుకుంటాను.” ఆ పొద్దున పెట్టింది భార్య.

“తల దువ్వుకోవడం, స్నానం?”

“అన్నీ నేనే.”

“బరువులు ఎత్తగలరా?”

బల్ల మీద నీళ్ల జగ్గు ఉంది. ఎవరూ అడగకుండానే మేస్త్రీ దాన్ని కుడిచేత్తో ఎత్తి, గ్లాసులో నీళ్లు పోసి, ఆ అమ్మాయి ముందుకు జరిపాడు. చుక్క ఒలకలేదు. వీపంతా చెమటతో తడిసింది. ఆమె థాంక్స్ చెప్పి, ఏదో రాసుకుంది.

వరండాలోకి వచ్చాక ఆయన చెయ్యి గడగడా వణికింది. భార్య పట్టుకోబోతే విదిలించుకున్నాడు. “నలుగురిలో ఏంటది?”

నెల తిరిగేసరికి ఉత్తరం వచ్చింది. సంపాదన శక్తిలో నష్టం నూటికి ఇరవై అని, భత్యం కూడా ఆ మేరకే వస్తుందని. మేస్త్రీకి ఒళ్లు మండిపోయింది. ఉత్తరం జేబులో కుక్కుకుని మర్నాడే బీమా ఆఫీసుకు వెళ్లాడు.

అక్కడి అధికారిణికి యాభై దాటి ఉంటాయి. కళ్లజోడు దారానికి కట్టుకుని మెళ్లో వేసుకుంది. ఆయన కేకలన్నీ అయ్యేదాకా ఆగి, ఫైలు విప్పింది.

“కూర్చోండి మేస్త్రీ గారూ. మేం చూసేవి మూడు. దెబ్బ తగలకముందు మీకు సగటున ఎంత జీతం వచ్చింది, చందా ఎన్నాళ్లు కట్టారు. ఈ రెండూ మీకు బాగానే ఉన్నాయి. మూడోదే తక్కువ పడింది. చెయ్యి ఎంత నలిగిందని కాదండీ, ఆ చెయ్యి వల్ల మీరు ఎంత పని చెయ్యలేకపోతున్నారని చూస్తాం. నూటికి ఎంత పోయిందని బోర్డు తేలిస్తే అంత వంతు వస్తుంది.”

“ఇరవయ్యేనా పోయింది? చూడండి ఈ వేళ్లు.”

“నేను చూస్తే ఏం లాభం? గుండీలు పెట్టుకుంటానని మీరే చెప్పారు. స్నానం మీరే చేస్తానన్నారు. దెబ్బ తగిలిన చేత్తోనే జగ్గు ఎత్తి నీళ్లు పోశారని డాక్టరమ్మ రాశారు. ఫారంలో ఈ పేజీ చూడండి, ఒక్క గీత లేదు.”

మేస్త్రీ గొంతు తగ్గింది. “ఒక్కసారి ఎత్తానండీ. తర్వాత రెండు రోజులు చెయ్యి కదల్లేదు.”

“అది కదా చెప్పాల్సింది! ఒక్కసారి ఎత్తగలరా అన్నది కాదు లెక్క. రోజూ, ఎనిమిది గంటలు, నెలంతా ఎత్తగలరా అన్నది. మీరే కాదు, చాలామందికి ఇది తెలీదు. తోటి పనివాళ్లని విచారిస్తాం చూడండి, వాళ్లూ అంతే. ఎవరో ఒక్కసారి బరువెత్తడం చూసి, వాడికేం, బాగానే ఉన్నాడని సంతకం పెట్టేస్తారు. ఆ ముక్కతో అవతల మనిషికి సగం భత్యం పోతుంది.”

ఆమె మామూలుగా అన్న మాటే అది. మేస్త్రీకి మాత్రం తాను పెట్టిన ఒక సంతకం గుర్తొచ్చింది. అప్పీలు ఎలా చేసుకోవాలో ఆమె చెబుతూనే ఉంది. ఆయన చెవులకు ఒక్క మాటా ఎక్కలేదు.

ఫ్యాక్టరీలో రొట్టెలు కాల్చే బట్టీ దగ్గర ఒక పెద్దాయన పనిచేసేవాడు. అందరికీ బట్టీ అన్న. వెన్నుపూస జారి, భత్యం మీద ఇంటిపట్టున ఉండిపోయాడు. ఏడాది కిందట ఆయన తన పెట్టెలో మిగిలిన బట్టలు తీసుకుపోదామని ఫ్యాక్టరీకి వచ్చాడు. భోజనాల వేళ, పదిమందీ ఉన్నారు. “ఏంటన్నా, కూర్చుని తింటుంటే ఒళ్లు నిగనిగలాడుతోంది! ఒక్క బస్తా ఎత్తి చూపించు, ఇంకా మగాడివో కావో తేలిపోద్ది,” అన్నాడు మేస్త్రీ. అందరూ నవ్వారు. బట్టీ అన్న కూడా నవ్వి, వంగి, బస్తా ఎత్తి, రెండడుగులు వేసి దించాడు. చప్పట్లు కొట్టారు.

పై వారమే బీమా ఇన్‌స్పెక్టరు విచారణకు వచ్చాడు. “అంతా నాటకమండీ. మొన్న నా కళ్లముందే బస్తా ఎత్తాడు,” అని చెప్పి మేస్త్రీ సంతకం పెట్టాడు. నిక్కచ్చిగా మాట్లాడావని అప్పుడు భుజం తట్టినవాళ్లూ ఉన్నారు.

ఆఫీసు నుంచి మేస్త్రీ ఇంటికి వెళ్లలేదు. తిన్నగా బట్టీ అన్న ఇంటికి నడిచాడు. దుకాణం మీద మేడ, ఒకటే గది. తలుపు తీసింది అన్న భార్య. ఆ ఇంట్లో మేస్త్రీ ఆమెను వదినా అనేవాడు, ఆమె తమ్ముడూ అనేది.

“ఎవరూ?” లోపలినుంచి గొంతు.

“మేస్త్రీ గారండీ,” అంది ఆమె.

ఆ ‘గారు’ వినగానే మేస్త్రీ గుమ్మంలోనే ఆగిపోయాడు. బట్టీ అన్న చెక్కమంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. లేవడానికి ప్రయత్నించలేదు.

“అన్నా, ఆ ఇన్‌స్పెక్టరుకి చెప్పింది నేనే.”

“తెలుసు. భత్యం కోసినప్పుడు నీ సంతకం చూపించారు.”

“తెలిసీ నన్ను అడగలేదేం?”

“ఏమని అడగను? బస్తా ఎత్తింది నిజమే కదా. నువ్వు అబద్ధమేం ఆడలేదు.” పైకప్పుకేసి చూస్తూనే అన్నాడు. “ఆ తర్వాత నాలుగు రోజులు మంచం దిగలేదు. అన్నీ మీ వదినే ఎత్తిపోసింది. అది నీకెలా తెలుస్తుందిలే. విచారణలో నేనూ చెప్పలేదు. నోరు రాలేదు.”

క్షమించమని అడగడానికే వచ్చిన మేస్త్రీ తలొంచుకుని నిలబడ్డాడు. ఆమె కూర్చోమనలేదు, పొమ్మనలేదు. తడిబట్టలు తీగ మీద ఆరేసుకుంటూ ఉండిపోయింది.

ఆ సాయంత్రం మేస్త్రీ చెబుతుంటే భార్య బీమా ఆఫీసుకు ఉత్తరం రాసింది. పదిమందిలో రెచ్చగొట్టి బట్టీ అన్న చేత తానే బస్తా ఎత్తించానని, మగతనం మాట తానే తెచ్చానని. ఆ వాక్యం దగ్గర ఆమె పెన్ను ఆగింది.

“నడుం విరిగిన మనిషిని ఈ మాట మీరే అన్నారా?”

“అన్నాను.”

ఆమె ఆ మాట రాసింది. తిట్టినా బాగుండుననిపించింది ఆయనకు. ఎడమచేత్తో సంతకం చేస్తే చిన్నపిల్లల రాతలా వంకరపోయింది. తర్వాత ఆమె అప్పీలు ఫారం తీసి, ఆ గళ్ల పేజీ తెరిచింది. ఈసారి ఆయన ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాడు. మరుగుదొడ్డి సంగతి దగ్గర ఆయన ముఖం తిప్పుకుంటే, ఆమె తనంతట తానే రాసేసింది.

రెండో బోర్డులోనూ ఆ అమ్మాయే కూర్చుంది. అవే ప్రశ్నలు. గుండీలు మా ఆవిడే పెడుతుందన్నాడు. స్నానం మా ఆవిడే చేయిస్తుందన్నాడు. చెవులు వేడెక్కిపోయాయి, భూమి చీలితే బాగుండుననుకున్నాడు. ఆ అమ్మాయి మాత్రం తల ఊపుతూ రాసుకుంటూ పోయింది. నూటికి యాభై అయిదు చేశారు.

బట్టీ అన్న భత్యం మళ్లీ పాత లెక్కకు వచ్చింది. కానీ మేస్త్రీ ఉత్తరం అందిన నాటినుంచే. నడుమ కోతపడిన పదకొండు నెలలూ రావు, నిబంధన అంతేనని చెప్పారు. ఆ పదకొండు నెలల్లోనే అన్న భార్య హోటలు దుప్పట్లు ఉతికే పనిలో చేరింది. ఇంకా చేస్తూనే ఉంది.

చేతికి వ్యాయామం చేయించుకోవడానికి ఆస్పత్రికి వెళ్లే రోజుల్లో, పనికి వెళుతూ అన్న భార్య కూడా అదే బస్సులో కనిపించేది. మేస్త్రీ వెంటనే వచ్చే స్టాపులో దిగిపోయి మిగతా దూరం నడిచేవాడు. ఒకరోజు బస్సు కిక్కిరిసి ఉంది, దిగడానికి సందు లేదు. ఎడమచెయ్యి కమ్మీని పట్టుకుని ఉంది. డబ్బు కుడిజేబులో ఉంది. కండక్టరు మీదకొచ్చి, “టిక్కెట్టు, టిక్కెట్టు, ఎంతసేపయ్యా?” అంటున్నాడు. వేళ్లు జేబులోకి దూరడం లేదు. జనం చూస్తున్నారు.

వెనకనుంచి ఒక చెయ్యి వచ్చింది. సబ్బునీళ్లకు తెల్లబడి, ముడతలు పడిన వేళ్లు. ఆమె ఆయన జేబులోంచి డబ్బు తీసి కండక్టరుకిచ్చి, టిక్కెట్టూ చిల్లరా తిరిగి అదే జేబులో పెట్టింది. తన స్టాపు రాగానే దిగిపోయింది.

ఇదివరకైతే ఇలాంటిది ఆయన ఎవరికీ చెప్పేవాడు కాదు. ఆ రోజు ఇంటికి వెళ్లి భార్యకు మొత్తం చెప్పాడు. “వదినా అని పిలుద్దామనుకున్నానే. ముఖం చెల్లలేదు,” అన్నాడు.

భార్య ఆయన చొక్కా గుండీలు విప్పుతూ, చెప్పనిచ్చింది.