చూడి ఆవు లెక్క

పాడి సంఘంలో లెక్కలు చూసే ఆమెను ఆఫీసులో అందరూ లెక్కలమ్మ అనేవారు. ఇంట్లో మాత్రం ఆమె వట్టి కోడలే. అత్తకు ముందు ఆవు, ఆ తర్వాతే ఎవరైనా.

ఆఫీసు కంప్యూటర్లో గణాంకాల సాఫ్ట్‌వేర్ ఒకటుంది. పాల పరీక్షల ఫలితాలన్నీ దాంట్లోకే ఎక్కుతాయి. ఒక్కో ఊరికీ విడిగా ఆదేశాలిచ్చి, పొదుగువాపు ఉన్న ఆవులను ఏరడానికి ఆమెకు వారం పట్టేది. ఆ మధ్య వచ్చిన కొత్త వెర్షన్ కడుపులో పైథాన్ అని ఇంకో భాష కూడా పెట్టారు. లెక్కలమ్మ పట్టుబట్టి నేర్చుకుంది. వేలెడంత స్క్రిప్టు రాసింది. అన్ని ఊళ్ల పట్టికలూ తిరిగి, పాలలో రోగపు లెక్క హద్దు దాటిన ఆవుల చెవి బిళ్ల నంబర్లు అచ్చెయ్యడం దాని పని. వారం పని టీ చల్లారేలోపే అయిపోయింది.

"మేసిందా మీ కొండచిలువ?" అంటూ మేనేజరు ఆ కాగితం అందుకున్నాడు.

ఆ ఏడు పొదుగువాపు ముదిరింది. హద్దు దాటిన ఆవులను కబేళాకు పంపాలని సంఘం తీర్మానించింది. ఆ ఆవులున్న ఇళ్లకు చిట్టీలు వెళ్లాయి.

ఆవులను ఎక్కించుకునే బండి తిరిగే రోజు పొద్దున లెక్కలమ్మ దొడ్లోకి వెళ్తే, అత్త ఆవును పీచుతో రుద్ది కడుగుతోంది.

"ఇదేంటత్తా, ఇంత పొద్దున్నే?"

"మధ్యాహ్నం బండొస్తుందటగా. మురికితో పంపనా?"

"మన చుక్కనా? చిట్టీ ఎప్పుడొచ్చింది?"

"నిన్న. నీకు చెప్పేదేముంది, ఏరింది నువ్వేగా."

"నాకు నంబర్లే కనబడతాయత్తా."

"నేనేమన్నానే ఇప్పుడు? రోగముంటే పంపాల్సిందే. మనదని దాచి పక్కింటి ఆవులకు అంటిస్తామా? నువ్వు వేసిన లెక్క. తప్పుంటుందా?"

కూరలో ఉప్పు కాస్త ఎక్కువైతే పొద్దుగూకేదాకా దెప్పే నోరు అది. ఈ మాటలో దెప్పు లేదు. అదే ఆమెకు ఎక్కడో గుచ్చుకుంది.

అత్త చెంబు కింద పెట్టి అంది: "ఈనేదాకా ఆగుతారేమో అడగవే. ఇంకెంత, నెలలు నిండినట్టే."

లెక్కలమ్మ ఆవు కడుపు వంక చూసింది. చూడి నిండిందని పాలు పిండడం ఎప్పుడో ఆపేశారు. మరి పరీక్షకు పాలెక్కడివి?

టిఫిన్ కూడా తినకుండా ఆఫీసుకు పోయింది. పట్టికలో చుక్క వరుస తీసి చూస్తే రోగపు లెక్క గడి ఖాళీ. స్క్రిప్టు చేత నంబర్ల పక్కనే విలువలు కూడా అచ్చువేయించింది. చుక్క పక్కన తెర ఈ చివర నుంచి ఆ చివరకు పాకే అంకె ఒకటి కనబడింది.

అప్పుడర్థమైంది. ఖాళీ గడిని గుర్తుపట్టడానికి ఆ సాఫ్ట్‌వేర్ లోలోపల ఒక పేద్ద అంకె దాచుకుంటుంది. సగటు తీసేటప్పుడు తన గుర్తు తనకు తెలుసు కాబట్టి దాటేస్తుంది. లోపలున్న పైథాన్‌కు అందించేటప్పుడు మాత్రం ఆ అంకెనే చేతిలో పెడుతుంది. పాలు లేవని ఇంటాయన గుమ్మంలో పెద్ద బిందె బోర్లిస్తే, అద్దెకొచ్చినవాడు బిందె సైజు చూసి ఎన్ని పాలో అనుకున్నట్టు. లేనిదాన్నల్లా స్క్రిప్టు అన్నిటికన్నా ఎక్కువని లెక్కగట్టింది.

మేనేజరు అంతా విని గడియారం వంక చూశాడు. "బండి బయల్దేరిందమ్మా. మీ ఆవు నంబరొక్కటీ జాబితాలోంచి కొట్టేద్దాం. జాబితా మొత్తం తప్పంటే సంఘం పరువేం కాను?"

ఒప్పుకుంటే చుక్క ఇంట్లోనే ఉంటుంది, ఎవరికీ ఏమీ తెలియదు. ఆమె జాబితాను బల్ల మీద ఆయన ముందు పరిచింది.

"సార్, పాలు ఆపేసిన చూడి ఆవులన్నీ ఇందులో ఉన్నాయి. ఇవి పోతే వచ్చే ఏటి దూడలు పోయినట్టే."

మేనేజరు ఫోను ఆమె వైపు జరిపాడు.

"ఇప్పుడా అక్కా చెప్పేది?" అన్నాడు అటునుంచి బండి డ్రైవరు. "ఒకదాన్ని ఎక్కించేశా. ఆ పెద్దాయన తాడు నా చేతికిచ్చి లోపలికెళ్లి తలుపేసుకున్నాడు."

"బిళ్ల నంబరు చదువు తమ్ముడూ."

చదివాడు. ఆమె వరుస వెతికింది. గడి ఖాళీ.

"బండి తిప్పు. తలుపు కొట్టి తాడు ఆయన చేతికే ఇవ్వు."

"ఏమని చెప్పను?"

"లెక్కలమ్మ తప్పు చేసిందని చెప్పు."

ఆ తర్వాత స్క్రిప్టులో ఒక వరుస చేర్చింది. గడిలో అసలు ఏమైనా ఉందా అన్నదే ముందు చూడాలి, ఎక్కువా తక్కువా తర్వాత. కొత్త జాబితా సగానికి సగం తగ్గింది. ఈసారి ప్రతి నంబరునూ పట్టికతో తనే సరిచూసుకుంది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి, కడిగిన ఆవు హాయిగా పేడలో పడుకుని నెమరేస్తోంది. జరిగిందంతా చెబితే అత్త నోటి మీద చెయ్యేసుకుంది. తర్వాత చెయ్యి తీసింది.

"కూరలో ఉప్పంటే సరే, లెక్కలో కూడా రుచి చూసుకోవద్దుటే? పొద్దున్నించీ దాని మొహం చూళ్లేక చచ్చాను! నిలబడి చూస్తావేం, గడ్డెయ్యి."

లెక్కలమ్మ గడ్డిమోపు విప్పింది. వెనక అత్త ఇంకా దెప్పుతూనే ఉంది. చీకటి పడేదాకా దెప్పితే బాగుండుననిపించింది.