యాభై అడుగుల నేల

నేల చదును చేసే గ్రేడరు నాలుగంగుళాల మట్టి గీకుతూ ముందుకు పోయింది. దాని వెనకాలే వంగి నడుస్తున్న వెర్నన్ ఆగి, చెయ్యి పైకెత్తాడు. సౌర పలకలు పరచబోయే ఈ మొహావీ ఎడారిలో పందొమ్మిదేళ్ళుగా ఆయన ఉద్యోగం ఇదే, తన ఆదివాసీ తెగ తరఫున, పూర్వీకుల ఆనవాళ్ళ కోసం మట్టిని చూస్తూ నడవడం. చట్టం కాపాడే ఎడారి తాబేలు అడ్డమొస్తే అందరూ కిక్కురుమనకుండా ఆగేవారు. తాతల బూడిద బయటపడితేనే బేరాలు మొదలయ్యేవి.

"మళ్ళీ ఏంటి ముసలాయనా? ఎలకలు మంటేసుకున్నాయా?" డ్రైవరు రూబెన్ పైనుంచే అడిగాడు.

"ఎలకలు చితి పేర్చుకోవులే."

నల్లమట్టిలో గోరంత తెల్లటి ఎముక. అరిగిన మోకాళ్ళ మీద కూలబడి, ఆయన దాని మీదకి టోపీ నీడ పట్టాడు. పురావస్తు అధికారిణి చూసి సంతకం పెడితే చుట్టూ యాభై అడుగుల నేల మిగులుతుంది. అందాకా కనిపెట్టినవాడు కదిలాడా, రూబెన్ బండి నడుపుకోవచ్చు. ఆవిడేమో అరవై మైళ్ళ అవతల ఉంది.

మధ్యాహ్నం మేనకోడలు డార్లీన్ చిక్కుడుగింజల కూర తెచ్చింది. ఆయన ముట్టలేదు. పొద్దుటినుంచీ ఎడమచెయ్యి లాగుతోంది.

"ఆసుపత్రికి పోదాం లే మామయ్యా. ఇక్కడ నేను కూర్చుంటాగా."

"నీకీ పని చేసే కార్డు రానీ, అప్పుడు కూర్చుందువుగాని. ఇప్పుడు నేను లేస్తే వీళ్ళకిది ఉత్త మట్టే."

తన వాళ్ళు ఇక్కడే బతికి ఇక్కడే కాలారని ప్రతిసారీ కొత్తగా రుజువు చెయ్యాలి. ఎండకన్నా అదే ఆయన్ని ఎక్కువ అలసగొట్టింది.

నాలుగింటికి అధికారిణి వచ్చి చూసి సంతకం పెట్టింది. కనిపెట్టినవాడి పేరుంటేనే గుర్తు చెల్లుతుందన్న నియమం ప్రకారం వెర్నన్ చెక్క గుంజ మీద నల్ల సిరాతో తన పేరు రాసి, కొసన గులాబీ గుడ్డపీలిక కట్టి, రాయితో కొట్టి పాతాడు. తర్వాత ఆయన డార్లీన్ నడిపే ట్రక్కులోకి ఎక్కి తల వెనక్కి వాల్చాడు. పెద్ద రోడ్డు చేరేసరికి ఆయనకి ఊపిరి లేదు.

తెగ ఆచారం ప్రకారం ఆయనతోపాటు ఆయనవన్నీ కాల్చేశారు. టోపీ, బూట్లు, వాకిట్లో కుర్చీ. వస్తువు మిగిలితే పోయినవాడు వెనక్కి చూస్తూనే ఉంటాడు.

కార్డు వచ్చాక డార్లీన్ గ్రేడరు వెనక నడవడం మొదలెట్టింది. ఆ చోటు దగ్గర రూబెన్ బండి పక్కకి తిప్పుతూ, "వెర్నన్ పాతింది గట్టిగానే ఉందే," అన్నాడు.

"పోయినవాళ్ళ పేరు మేం ఎత్తం రూబెన్."

"మరి దాని మీద రాసుందిగా?"

ఆమె గుంజ మీద చెయ్యి వేసింది. పీకి కాల్చేస్తే ఆయనకి దారి సాగుతుంది. పీకితే యాభై అడుగులూ పోతాయి. చెయ్యి తీసేసి, యంత్రం వెనక నడిచింది.

వెలిసిన గులాబీ గుడ్డపీలిక కింద, ఎవరూ పైకి చదవని ఆ పేరుతో, గుంజ ఎండలో నిలబడి ఉంది.