వంటకొచ్చినామె

“మీ అమ్మను గూడ తీస్కపోదాం. పాపం, ఆమె గూడ సముద్రం చూసినట్టుంటది,” అన్నాడు ప్రేమ్‌సాగర్, పప్పుకు పోపు పెడుతున్న రూప వెనక నిలబడి.

రూప ఆ మాటకు కరిగిపోయింది. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో వాళ్ళమ్మ గురించి మొగుడి నోటి నుంచి ‘పాపం’ అన్న మాట రావడం అదే మొదలు. గరిటె పక్కన పెట్టి ఇటు తిరిగేసరికి మిగతా ముక్క కూడా వచ్చింది. “నువ్వే వండుకుంట కూసుంటే రెండు దినాలు వంటింట్లనే అయితది. మా ఆఫీసర్ వాళ్ళ మేడం పక్కన ఉండాలె నువ్వు, ముచ్చట పెట్టాలె. చేపల సంగతి అత్తమ్మ చూస్కుంటది.”

అక్కడ రూప కాదనగలిగేదే. కాదనలేదు. నిజం చెప్పాలంటే లోపల ఎక్కడో హాయిగా కూడా అనిపించింది. హైస్కూల్లో రోజుకు ఆరు పీరియడ్లు సాంఘికశాస్త్రం చెప్పే మనిషి, ఏ ఊరు పోయినా వంటిల్లును నెత్తిన పెట్టుకునే పోయింది. మెదక్ చర్చి అంటే ఆమెకు తెల్లవారకముందే లేచి కలిపిన పులిహోర గుర్తొస్తుంది. వరంగల్ కోట అంటే చెట్టు కింద గిన్నెలు తోమడం గుర్తొస్తుంది. వంట చేయకుండా ఒక ఊరు చూసి రావడం ఎట్లా ఉంటుందో ఈసారైనా తెలుస్తుందనుకుంది. పొయ్యి దగ్గర తన బదులు కూర్చోబోయేది ఎవరన్న సంగతి మీదికి మనసు పోకుండా చూసుకుంది.

వాళ్ళమ్మ మారెమ్మది నందికొండ. డ్యామ్ దగ్గర చేపలమ్మే గుడిసెల వరుసలో, టూరిస్టులు కొన్న చేపలను కడిగి కోసి ఇవ్వడం ఆమె పని. కత్తిపీటను కాలి కింద తొక్కిపట్టి ఎంత పెద్ద బొచ్చె చేపనైనా చిటికెలో ముక్కలు చేస్తుంది. రూప నాయిన ఇస్రాయేలు పోయాక ఇల్లు నడిచిందీ, రూప బీఈడీ చదివిందీ ఆ కత్తిపీట మీదే.

ఫోన్ చేసి సూర్యలంక సముద్రానికి పోదామని చెబితే మారెమ్మ చిన్నపిల్లయిపోయింది. “అవునా బిడ్డా! గేట్లెత్తినప్పుడల్లా గిన్ని నీళ్ళు పోతాంటయి గద, ఎటు పోతయో ఓపారి చూడాల్నని ఎన్నటినుంచో ఉండె. ఈ ఆదివారం ప్రార్థనకు రానని పాస్టరమ్మకు చెప్పొస్త ఆగు.” అంత సంబురపడుతున్న మనిషికి, వంటకు పిలుస్తున్నామని చెప్పడానికి రూపకు నోరు రాలేదు. వచ్చేటప్పుడు నీ కత్తిపీట పట్టుకురా అమ్మా అని మాత్రం చెప్పింది. మారెమ్మ ఒక్క క్షణం ఆగి, “సరే తీయ్” అంది.

రూప కూతురికి గురుకులంలో పరీక్షలు, అందుకని రాలేదు. వచ్చి ఉంటే ‘అమ్మమ్మా’ అంటూ ఒళ్ళో దూరేది, కథ అక్కడితో అయిపోయేది.

శనివారం తెల్లవారుజామున నల్లగొండలో బయలుదేరారు. ప్రేమ్‌సాగర్ వాళ్ళ ఆఫీసరు, ఆయన భార్య శైలజ, ప్రేమ్‌సాగర్, రూప ముందు కారులో. గ్యాసు పొయ్యి, గిన్నెలు, బియ్యం, మారెమ్మ వెనక వ్యానులో. మారెమ్మ ఆకుపచ్చ అంచున్న కొత్త చీర కట్టుకుంది. బాపట్లలో గుడి చూశారు, చీరాల పోయి చీరలు కొన్నారు. రెండుచోట్లా మారెమ్మ సామానుకు కాపలా. దుకాణంలో రూప ఒక గోధుమరంగు నేతచీర అమ్మ కోసం చేతిలోకి తీసుకుంది. “ఎవరికి?” అని శైలజ మామూలుగానే అడిగింది. “ఉత్తగనే చూస్తున్న” అని మడత పెట్టేసింది రూప. అప్పుడే చెంపలు వేడెక్కాయి. అయినా ఏమీ జరగనట్టే బయటికొచ్చింది.

కిరాయికి తీసుకున్న ఇంట్లో వంటగది వెనక వైపు. కిటికీలోంచి సరుగుడు చెట్లు తప్ప ఏమీ కనపడవు. సముద్రం హోరు మాత్రం చెవుల్లోనే ఉన్నంత దగ్గరగా వినపడుతుంది. సాయంత్రం అందరూ నీళ్ళలోకి ఉరికారు. రూప కూడా ఉరికింది, శైలజ చేయి పట్టుకుని అలలకు ఎగిరింది, ఫొటోలు దిగింది. తడి బట్టలతో వచ్చేసరికి మారెమ్మ నేల మీద కూర్చుని, చీర కుచ్చెళ్ళు పైకి దోపి, నాలుగో చేపను కోస్తోంది. “సముద్రం ఎంత దూరం బిడ్డా?” అని తల ఎత్తకుండా అడిగింది. “గీడనే అమ్మా. పొద్దున పోదాం,” అంది రూప.

భోజనాలప్పుడు వరండాలో వరుసగా కూర్చున్నారు. మారెమ్మ వడ్డిస్తోంది. శైలజ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, “అబ్బా! గీ వంటామె మీకు ఎక్కడ దొరికింది రూపా?” అంది.

ఆ మాటలో ఎగతాళి లేదు. మెచ్చుకోలే. “మా అమ్మండీ” అంటే అయిపోయేది. రూప నోరు తెరిచింది కూడా. కానీ ప్రేమ్‌సాగర్ ముందే అందుకున్నాడు. “నందికొండ నుంచి మేడం. చేపలల్ల ఆమెకు తిరుగులేదు.” అబద్ధం కాదు. అతను ఎన్నడూ అబద్ధం చెప్పడు. రూప కంచంలోకి చూస్తూ ఉండిపోయింది, ముల్లు తీస్తున్నట్టు. వరసలో ముందుకొచ్చి మారెమ్మ ఆమె దగ్గర ఆగింది.

“ఇంకో ముక్క ఎయ్యాల్నా మేడం?”

తల ఎత్తితే అమ్మ కళ్ళలోకి చూడాలి. ఎత్తలేదు. “వద్దు” అంది. ఉత్త ‘వద్దు’. వెనక ‘అమ్మా’ లేదు. తన బళ్ళో అటెండరుకు కూడా రూప అంత పొట్టి మాట చెప్పదు. సిగ్గుతో ఒళ్ళంతా మండిపోయింది, అయినా పక్కన శైలజ ఏదో అంటే నవ్వింది. ఆ నవ్వును ఆమె తర్వాత ఎన్నిసార్లు గుర్తు చేసుకుని తనను తాను తిట్టుకుందో లెక్కలేదు.

తెల్లారి అటవీశాఖవాళ్ళు తాబేలు పిల్లలను సముద్రంలోకి వదులుతారని తెలిసి అందరూ చీకటితోనే లేచారు. ప్రేమ్‌సాగర్ వంటగదిలోకి తొంగిచూసి, “మేం వచ్చేవరకు ఉప్మా చేసి పెట్టు అత్తమ్మా,” అన్నాడు. వంటగదిలో ఆమె అత్తమ్మే. వరండాలోకొస్తేనే ఎవరూ కాదు.

అతను పోయాక రూప గడప దగ్గర నిలబడింది. “అమ్మా, రాత్రి...” అంది.

“మీరు పోండ్రి మేడం,” అంది మారెమ్మ ఉల్లిగడ్డలు తరుగుతూ. ఆ గొంతులో కోపం లేదు.

“గిప్పుడు ఎవ్వరు లేరు గదనే అమ్మా!”

“లేకపోతే లేకపాయె. నలుగుట్ల నోరు జారి బిడ్డా అన్ననుకో, నీకు నామోషి. ఇల్లు చేరేదాంక గిట్లనే అలవాటు చేస్కుంట.”

రూపకు కాళ్ళు కదలలేదు. బయటి నుంచి శైలజ పిలిచింది. అప్పుడు కదిలాయి. అదీ ఆమె బతుకు.

ఒడ్డున తాడు కట్టి, అవతల బుట్టలు దించారు. అరచేతిలో పట్టేంత నల్లటి పిల్లలు ఇసుకలో పాకుతూ నీళ్ళ వైపు బయలుదేరాయి. ఎవరూ ముట్టుకోవద్దని, వాటంతటవే నడిచి పోవాలని, అక్కడి కుర్రవాడు గట్టిగా చెబుతున్నాడు. అందరూ ఫోన్లు పైకెత్తి చూస్తున్నారు. ఒక పిల్ల మాత్రం ఎవరిదో అడుగు గుంటలో పడి వెల్లకిలా కొట్టుకుంటోంది.

ఎక్కడి నుంచో ఒక చేయి వచ్చి దాన్ని ఎత్తుకుంది. ఆకుపచ్చ అంచు చూసి రూప పోల్చుకుంది; పొయ్యి ముట్టించకుండానే అమ్మ వాళ్ళ వెనకే వచ్చింది. మారెమ్మ తాడు కింద నుంచి దూరి, ఆ పిల్లను రెండు చేతుల్లో పట్టుకుని నీళ్ళలోకి దిగింది. నందికొండలో వలలో తాబేలు పడితే అంతే, చేతులతో మోసి నీళ్ళలో విడిచి, పోయిరా తల్లీ అని చెప్పి వస్తారు. ఇక్కడ కూడా అంతేననుకుంది.

“ఏమ్మా! ఇందాకట్నించీ చెబుతుంటే వినపడట్లేదా?” కుర్రవాడు అరిచాడు. “ఎవరి తాలూకండీ ఈవిడ?”

అందరూ ఇటు తిరిగారు. “మన వంటామెనే గదా!” అంది శైలజ. ప్రేమ్‌సాగర్ రూప మోచేయి పట్టుకుని, “నువ్వు ఊకో, నేను చూస్కుంట,” అన్నాడు మెల్లగా.

మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి మారెమ్మ వెనక్కి చూసింది. ఆమె చూపు రూప మీది నుంచి ఆగకుండా జారిపోయింది. జారిపోనిచ్చింది.

“ఎవ్వల తాలూకు గాదు సారూ,” అంది. “వంటకొచ్చిన.”

రూప మోచేయి విడిపించుకుంది. “మా అమ్మ,” అంది. గాలికి ఆ మాట ఎవరికీ వినపడలేదు. “మా అమ్మండీ ఆమె,” అని ఈసారి పిల్లలకు పాఠం చెప్పే గొంతుతో అంది. “తెలువక పట్టుకుంది. తప్పు నాది. నేనే వెంట పెట్టుకొని రావల్సింది.”

కుర్రవాడు తగ్గి, “సరే మేడం, ముట్టుకోవద్దని చెప్పండి చాలు,” అన్నాడు. శైలజ ఫోను దించి, మొదట మారెమ్మను, తర్వాత రూపను చూసింది. ఆ చూపుకు రూప తల వంచుకుంది, అయితే రాత్రి వంచిన తల వేరు. ఎవరో పరాయి మనిషి గద్దిస్తే తప్ప తన నోటికి రాని మాట అది. ఆ సంగతి ఇక తను చచ్చేదాకా తనతోనే ఉంటుందని ఆమెకు తెలుసు.

“రూపా, ఇజ్జత్ తీస్తున్నవు,” అన్నాడు ప్రేమ్‌సాగర్ పళ్ళ మధ్య నుంచి. “మరి అందరి టిఫిన్ సంగతేంది?”

“రవ్వ నల్ల సంచిల ఉంది. ఉల్లిగడ్డలు అమ్మ కోసి పెట్టింది,” అంది రూప. “నీళ్ళు మసిలినంక రవ్వ పొయ్యండి. మేం జర సేపు సముద్రం చూసొస్తం.”

తాడు చివర చుట్టూ తిరిగి ఆమె అమ్మ వైపు నడిచింది. కళ్ళ నిండా నీళ్ళు, దారి సరిగ్గా కనపడలేదు. మారెమ్మ చేయి అడ్డం పెట్టి ఆపింది.

“కింద చూస్కోని నడువు బిడ్డా. పిల్లలున్నయి.”