ఎర్రచుక్క కింద ఇసుక

రెజిమెంటల్ బజార్ హోటల్లో ఏసీ హోరెత్తుతున్నా చేపలవేట చేసే రమణయ్యకు చెమటలు పోస్తూనే ఉన్నాయి. సముద్రంలో చేపలు గుడ్లు పెట్టే రాతిగట్ల మీదికి ట్రాలర్లు రాకుండా, మూడు రాష్ట్రాల చిన్న పడవలవాళ్లు కలిసి ఆ పూట ఒక పటం మీద సంతకాలు పెడుతున్నారు. దాన్ని కంప్యూటర్లో గీసింది సికింద్రాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న అతని మేనకోడలు దేవిక.

"చూడు మావయ్యా, మన గట్టు! నువ్వు చెప్పిన గుర్తులతోనే పెట్టాను," అంది ఎర్రచుక్క చూపిస్తూ.

రమణయ్య పటం మీదికి వంగి చూశాడు. చేపలుండే చోటు తోడబుట్టినవాడికైనా నిజం చెప్పకూడదన్నది పడవలవాళ్ల ఆనవాయితీ. అందుకే దేవికకూ రెండు మైళ్లు దక్షిణానికి జరిపి చెప్పాడు. ఆ చుక్క కింద ఉన్నది ఉత్త ఇసుక. ఊరుకుంటే అసలు గట్టును ట్రాలర్లు ఊడ్చేస్తాయి. నోరు విప్పితే తాతలనాటి గుట్టు హాలంతటికీ తెలిసిపోతుంది.

సంతకాల కాగితం అతని చేతికొచ్చింది. సంతకం పెట్టకుండా లేచాడు.

"ఆ సుక్క తప్పమ్మా. నీకు నాను అబద్దం సెప్పినాను."

ఆ మాట ఒరియాలోకి తర్జుమా అయ్యేసరికి ఒరిస్సా పెద్దాయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ లేచి, పటం మీద తన గట్టు చుక్క వైపు వేలు చూపించి, అదీ కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. తమిళంలోకి అయ్యేసరికి తమిళులు కూర్చున్న వరసంతా లేచి నిలబడింది.