మాట వినపడే ఇంజను

నన్నడిగితే ఆ కారుకు ఎనిమిది సిలిండర్ల వీ-ఎయిట్ ఇంజనే వేయాలి. నన్నెవరూ అడగలేదు, అయినా పదిమందికి చెప్పాను. పందొమ్మిది వందల యాభై అయిదు అది. రాజధాని కర్నూలుకొచ్చి రెండేళ్ళయింది, ఆఫీసర్ల జీపులన్నీ నా షెడ్డుకే వచ్చేవి. పేరు ఖాసిం వలి, పని మెకానిక్కు, నోరు మంచిది కాదు. జీపులు, బస్సులు, బేతంచెర్ల నాపరాళ్ళు మోసే లారీలు, అన్నీ విప్పి బిగించాను. స్పోర్ట్స్ కారు మాత్రం ఈ జన్మలో నా చేతికి ఒక్కటే వచ్చింది.

అది మహాదేవమ్మది. కోడుమూరు ఆసుపత్రిలో కాన్పులు చూసే నర్సమ్మ ఆమె. బేతంచెర్ల గనుల్లో పనిచేసిన ఒక దొర భార్యకు పురుడు పోసింది. దొర ఇంగ్లండు తిరిగిపోతూ తన రెండు సీట్ల పచ్చ కారును ఆమె చేతిలో పెట్టి పోయాడు. ఆమె పట్టుబట్టి నేర్చుకుని నడిపింది కూడా. తెల్లచీర కట్టుకుని, మనిషి నడుమెత్తు కూడా లేని ఆ కారులో పోతుంటే పొలాల్లో వాళ్ళు పని ఆపి చూసేవాళ్ళు.

ఆ ఎండాకాలం కారు పొగలు కక్కుతూ ఆసుపత్రి ముందు ఆగితే, అక్కడి బంట్రోతు కంబన్న కడవెడు బావి నీళ్ళు తెచ్చి దాని మీద కుమ్మరించాడు. ఇంజను బ్లాకు నిలువునా పగిలింది. "ఎండన పడి వచ్చినదానికి నీళ్ళు పోయకుంటే ఎట్ల సాహెబూ?" అన్నాడు నాతో. తిట్టడానికి నోరు తెరిచి, వాడి మొహం చూసి మూసుకున్నాను.

అలాంటి ఇంజనే ఇంగ్లండు నుంచి తెప్పించాలంటే ఆరు నెలలు. మాకున్నది రెండు నెలలు. మాకంటే నాకూ, నా కూతురు జానమ్మకూ.

జానమ్మను కోడుమూరులో ఇచ్చాను. అప్పటికి ఏడో నెల, పుట్టింటికి తెచ్చుకోవలసిన నెల. కానీ రక్తం కనపడిందని మహాదేవమ్మ ఆమెను మంచం దిగనివ్వలేదు. కాన్పు మాత్రం కర్నూలు పెద్దాసుపత్రిలోనే జరగాలి, ఆపరేషన్ చేయాల్సి రావచ్చు అంది. మధ్యన పాతిక మైళ్ళు, అన్నీ వాగులూ వంకలూ గుండ్రాళ్ళూ. నెలలు నిండకముందే పిల్లను ఆ దారిన తేవాలి. బస్సు కుదుపులకు పిల్ల తాళలేదు, ఎద్దులబండి అంతకన్నా అధ్వాన్నం. మిగిలింది ఆ కారొక్కటే, దానికి ఇంజను లేదు.

ముందటేడు మొదటి కాన్పు సంగతి చెప్పాలి. నొప్పులు ముందే వచ్చాయని కబురొస్తే, షెడ్డులో రిపేరుకున్న లారీ తీసుకుని పరుగెత్తాను. వెనక గడ్డి పరిచి జానమ్మను పడుకోబెట్టారు, పక్కన మహాదేవమ్మ కూర్చుంది. పాతిక మైళ్ళు ముప్పావుగంటలో వచ్చాను. ఆ రోడ్డు మీద అంత వేగంగా ఎవడూ వచ్చి ఉండడు. బిడ్డ చచ్చి పుట్టాడు. ఇంకో పది నిమిషాలు ముందొచ్చి ఉంటే బతికేవాడని ఏడాదంతా నాలో నేనే కుమిలిపోయాను. అందుకే వీ-ఎయిట్ కావాలన్నాను.

మిలిటరీ లారీలోంచి తీసిన వీ-ఎయిట్ ఒకటి నా షెడ్డులోనే ఉంది. దాని పక్కన, బోల్తాపడిన జీపు తాలూకు ఇంజనూ గేరుబాక్సూ ఉన్నాయి. మహాదేవమ్మ చూడటానికి వచ్చినప్పుడు వీ-ఎయిట్‌ను దిమ్మెల మీదే బిగించి స్టార్టు చేశాను. షెడ్డు రేకులు అదిరాయి. నాకైతే ఒళ్ళు పులకరించింది.

ఆమె ఏదో అంది. నాకు వినపడలేదు. ఇంజను ఆపాను.

"ఏమంటివమ్మా?"

"ఇది వద్దంటాండా."

"ఎందుకొద్దు? గంటకు ఎనభై మైళ్ళు పోతాది!"

"పోనీలే. నువ్వు దీన్ని నడుపుతాంటే, పక్కన పండుకున్న నీ బిడ్డ పిలిస్తే నీకు ఇనపడతాదా?"

నాకు కోపం తన్నుకొచ్చింది. "అమ్మా, నువ్వు కాన్పులు చూసుకో, ఇంజన్లు నాకిడిసిపెట్టు. పోయినసారి పది నిమిషాలు ఆలస్యమై మనవణ్ణి పోగొట్టుకున్నోణ్ణి!"

మహాదేవమ్మ అక్కడున్న నూనె డబ్బా మీద కూర్చుంది.

"ఆలస్యం కాలేదు సాహెబూ. లారీ ఎక్కించినప్పుడు బిడ్డ గుండె బాగనే కొట్టుకుంటాండె. నేను గొట్టం పెట్టి ఇన్న్యా. ఎనిమిది మైళ్ళు వచ్చినాక రక్తం పడబట్టె. ఆ ఎగురుడుకు పిల్ల తట్టుకోలేకపాయ. నిదానంగా పొమ్మని నీ కేబిన్ మీద ఎంత కొడ్తినో! చేతులు వాచిపాయ."

ఆ చప్పుడు నాకు వినపడింది. లారీలో వెనక నుంచి ఒక్క దెబ్బ కొడితే ఆపమని. రెండు కొడితే రైట్, పోనిమ్మని. క్లీనరుగా చేరిన నాటి నుంచి ఇరవై ఏళ్ళుగా నా చెవులకు తెలిసింది అదే. ఆ రోజు దబదబా రెండు, మళ్ళీ రెండు, మళ్ళీ రెండు. ఇంకా తొందరగా పొమ్మంటోందనుకున్నాను. ఆమె కొట్టినకొద్దీ నేను యాక్సిలరేటర్ తొక్కాను.

ఆ మాట ఆమెకు చెప్పాను. చెప్పి, అంత వయసొచ్చిన మగవాణ్ణి, భోరున ఏడ్చాను.

"మీ లారీ లెక్క నాకేం తెలుసప్పా," అంది. ఆమె కళ్ళలోనూ నీళ్ళు నిండాయి. "నేను కొట్టిందీ బిడ్డ కోసమే, నువ్వు తొక్కిందీ బిడ్డ కోసమే. ఇంగ ఏడ్సొద్దు. ఈ బిడ్డను ఎట్ల తెస్తామో అది చూడు."

కళ్ళు తుడుచుకుని జీపు ఇంజను స్టార్టు చేశాను. అది వేగంలో గొప్పది కాదు, కానీ నిదానంగా తిరుగుతూనే బండిని లాగుతుంది. గొంతు చిన్నది. దాని పక్కన నిలబడి మేమిద్దరం మామూలుగా మాట్లాడుకోగలిగాం. ఇంజను అదే అనుకున్నాం.

గేరుబాక్సు దగ్గర మళ్ళీ తగువొచ్చింది. "వంకలో బండి మనిషి నడిచినట్ల పోవల్ల. మధ్యలో ఆగకూడదు, ఎగరకూడదు," అంది ఆమె. జీపు గేరుబాక్సుకు అది చేతకాదు. మరీ నిదానం చేస్తే ఇంజను కొట్టుకుని ఆగిపోతుంది. అంత నిదానంగా పోయేది లారీ గేరుబాక్సు ఒక్కటే. దాని ఫస్టు గేరు రాళ్ళ లోడును గుట్ట ఎక్కించడానికి. ఖాళీ లారీకి ఎవడూ దాన్ని వాడడు.

"స్పోర్ట్స్ కారుకు లారీ గేరుబాక్సు వేస్తే ఊరంతా నవ్వుతాదమ్మా!"

"నవ్వనీ."

ఆ ఇంజనుకూ ఆ గేరుబాక్సుకూ బోల్టు రంధ్రాలు కలవలేదు. మధ్యన మందమైన ఇనుప పలక కోసి జతచేశాను. గేరుబాక్సు పొడుగెక్కువైతే వెనక షాఫ్టును కోసి పొట్టి చేశాను. స్పోర్ట్స్ కారు స్ప్రింగు పట్టీలు బిర్రుగా ఉంటాయి, కుదుపు తగ్గాలని ఒక్కోదాంట్లోంచి రెండేసి ఇనుప ఆకులు తీసేశాను. ఎడమ సీటు పీకేసి ముందు నుంచి వెనక దాకా పరుపు వేశాను. దూది నేనే ఏకాను, మా తాతల పని అది. ముప్పై నాలుగు రోజులు పట్టింది. ఆ ముప్పై నాలుగు రోజులూ నా తిట్లు తినని స్పానర్ లేదు.

ఎనిమిదో నెల నిండుతుండగా ఒక పొద్దున జానమ్మను ఆ పరుపు మీద పడుకోబెట్టి కోడుమూరు నుంచి బయలుదేరాం. మహాదేవమ్మ వెనక పెట్రోలు ట్యాంకు మీద గొంతుక్కూర్చుని, ఒక చేయి జానమ్మ మీద వేసింది. చదును రోడ్డు మీద మూడో గేరు, వంక వచ్చినప్పుడల్లా ఫస్టు గేరు. ఒక వంకలో ఎద్దులబండి మమ్మల్ని దాటిపోయింది.

"ఏమప్పా సాహెబూ, నా ఎద్దును కట్టేదా దానికి?" అని అరిచాడు బండివాడు.

మామూలు రోజైతే వాడి ఏడు తరాలను తిట్టేవాణ్ణి. చెయ్యి ఊపి ఊరుకున్నాను.

"నాయనా," అంది జానమ్మ.

మెల్లగా, గొంతు దాటీ దాటనట్టు అంది. ఇంజను నడుస్తూనే ఉంది, చక్రాల కింద గులకరాళ్ళు నలుగుతూనే ఉన్నాయి. అయినా వినపడింది. వెంటనే బ్రేకు తొక్కాను.

"ఏం తల్లీ? నొప్పా?"

"లేదు నాయనా. లోపల తంతాండాది."

మహాదేవమ్మ వంగి, గొట్టం పెట్టి చెవి ఆనించింది. నేను అటువైపు తిరిగి స్టీరింగు పట్టుకుని అల్లాను తలుచుకున్నాను.

"మంచిగ కొట్టుకుంటాండాది సాహెబూ. పోనీ."

కర్నూలు చేరిన పద్దెనిమిదో రోజున పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. తల్లీ బిడ్డా బాగున్నారు. ఇప్పటికీ కర్నూల్లో డ్రైవర్లు ఒకచోట చేరితే, ఎవడు ఎంత వేగంగా పోయాడో చెప్పుకుంటారు. నా వంతు వచ్చినప్పుడు నేనూ చెప్తాను. కోడుమూరు నుంచి పాతిక మైళ్ళు, స్పోర్ట్స్ కారులో, అయిదు గంటలు.