నోటితో లాగిన గాలి

నూకన్న పుట్టింది చేపలవేట మీద బతికే ఇంట్లోనే. కానీ ఏం లాభం, పడవెక్కితే చాలు కడుపులో తిప్పేది. తండ్రి తిట్టీ తిట్టీ విసిగి వదిలేశాడు. నూకన్న వల మానేసి నీళ్ళ పైపులు పట్టుకున్నాడు. మూడు రోజులకోసారి నీళ్ళొచ్చే పోర్ట్‌బ్లెయిర్‌లో ప్లంబరుకి పనికేం కరువు!

పని కన్నా ఎక్కువ పేరు అతని నోటికి. ట్యాంకు ఎండిపోయి మళ్ళీ నిండితే పైపులో గాలి చిక్కుకుంటుంది. పైన ట్యాంకు నిండా నీళ్ళుంటాయి, కింద కుళాయిలో చుక్క రాదు. మిగతావాళ్ళు మోటార్లు తెచ్చి తంటాలు పడతారు. నూకన్న మాత్రం కుళాయికి నోరు పెట్టి పొట్టలోంచి ఒక్క గుక్క లాగుతాడు. తుపుక్కున ఉమ్మి పక్కకి జరిగేసరికి నీళ్ళు ధారగా పడతాయి.

కరోనా వచ్చిన ఏడాది గోల్ ఘర్‌లో తన పైపుల దుకాణం మెట్ల మీద కూర్చుని అతనూ, ఇరవై ఏళ్ళుగా తనతో పనిచేస్తున్న గవరయ్యా వాదించుకున్నారు. మూసేద్దాం అన్నాడు గవరయ్య. జబ్బున్న ఇంట్లో నీళ్ళు లేకపోతే చేతులెలా కడుక్కుంటారన్నాడు నూకన్న. గవరయ్య మర్నాటి నుంచి రాలేదు. తప్పు పట్టడానికేముంది, ఎవరి ప్రాణం వాళ్ళకి తీపి.

నూకన్నకి మాత్రం భయం లేదా? మిడిల్ పాయింట్‌లో ఇంట్లో ఉన్నది భార్య సీతాలు ఒక్కతే. ఆమెకి ఉబ్బసం. ఈ జబ్బు గానీ అంటుకుంటే బతకదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. అయినా పనికి వెళ్ళమన్నది ఆమే. ఒట్టు మాత్రం వేయించుకుంది: ఎవరి గుమ్మమూ తొక్కకూడదు, మాస్కు తీయకూడదు, కుళాయికి నోరు పెట్టకూడదు.

ఆగస్టులో డెలానీపూర్ నుంచి ఎరుకమ్మ అనే ముసలావిడ ఫోన్ చేసింది. ఇంట్లో కొడుక్కీ కోడలికీ జ్వరం. కరోనా ఇల్లని గేటుకి సర్కారు వాళ్ళు కాగితం అంటించి పోయారు. రెండు రోజులుగా చుక్క నీళ్ళు లేవు.

నూకన్న వాళ్ళని తలుపేసుకోమని చెప్పి, పెరట్లోనే ఉండి పని మొదలెట్టాడు. నిచ్చెనేసి చూస్తే ట్యాంకు నిండుగానే ఉంది. గొట్టం తగిలించి ఊపాడు, తట్టాడు, విప్పి మళ్ళీ బిగించాడు. రెండో మనిషి ఉంటే అయ్యే పని. గంట గడిచింది. వానకి తడిసీ చెమటకి తడిసీ ఒళ్ళు మండిపోయింది. ఆ విసుగులో చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. ఒక్క గుక్క లాగాడు.

నీళ్ళు భళ్ళున దూకాయి. కిటికీ వెనక ఎరుకమ్మ రెండు చేతులెత్తి దణ్ణం పెడుతూ ఏడ్చేసింది. నూకన్నకీ సంతోషం వేసింది. నీళ్ళతో మొహం కడుక్కోబోతే గడ్డం కింద మాస్కు చేతికి తగిలింది.

స్కూటరు మీద దారి పొడుగునా తనతో తనే దెబ్బలాడుకున్నాడు. ఎవరు చూశారు? ఒక్క గుక్కేగా? సబ్బుతో నోరు కడుక్కుంటే పోదూ? ఇన్ని చెప్పుకున్నా ఇంటి ముందుకొచ్చేసరికి కాలు గేటు దాటలేదు.

రోజూలాగే సీతాలు అతని స్నానానికి వేడినీళ్ళ బకెట్టు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"అక్కడే ఉండు సీతాలూ. నాను కుళాయికి నోరెట్టీసేను," అన్నాడు రోడ్డు మీంచి.

ఆమె బకెట్టు కింద పెట్టింది. "ఎవలింట?"

"జొరమున్నోలింట."

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు కూడా.

"నువ్వు సెప్పకపోతే నాకు తెలుసునా మావా?" అంది.

"తెల్దు. అందుకే బయమేసింది."

చౌదా దిన్, పద్నాలుగు రోజులూ దుకాణంలోనే పడుంటానన్నాడు. ఎవరొచ్చినా తలుపు తీయొద్దన్నాడు, గడియ పెట్టుకోమన్నాడు. ఆమె తలూపి బకెట్టు లోపలికి లాక్కుపోయింది. గడియ పడింది. తనే పెట్టుకోమన్నాడు, అయినా ఆ చప్పుడుకి నూకన్న ఒకడుగు వెనక్కేశాడు.

స్కూటరు తిప్పబోతుంటే లోపల సీతాలుకి దగ్గు మొదలైంది. బరువు మోసినప్పుడల్లా వచ్చే పాత దగ్గే. అది వచ్చినప్పుడు వెనక కూర్చుని వీపు రాసేది నూకన్నే. అలవాటుగా గేటు మీద చెయ్యి వేశాడు. వెంటనే తీసేసుకున్నాడు.

దగ్గు చాలాసేపటికి గానీ ఆగలేదు. ఆగేదాకా అతను ఆ వానలోనే నిలబడి విన్నాడు.