బాణలి వీడియోలకు చోటు

శుక్రవారం పొద్దున టోర్స్టి కాఫీలో బన్ను ముంచుకు తింటూ గొప్పలు పోతుంటే విల్యాకు ఒళ్లు మండిపోయింది. పుట్టగొడుగుల యాప్‌లో ఫొటోలకు ఇప్పుడు సగం చోటే పడుతోందట. అడవిలో సిగ్నల్ ఉండదు కాబట్టి ఫొటోలన్నీ ఫోన్‌లోనే ఉండాలి. ఏరినదానికి కెమెరా చూపిస్తే, వాటితో పోల్చి తినవచ్చో లేదో యాప్ చెప్పాలి. ఆ ఫొటోలు మసకబారకుండా కుదించడానికి విల్యా చలికాలమంతా చాకిరీ చేసింది. ఈ మహానుభావుడేమో యజమాని హోదాలో, ఒకేలా కనిపించేవాటిలో ఒకటి ఉంచి మిగతావి తీసేయించాడు. మిగిలిన చోట్లో బాణలి ప్రకటనల వీడియోలు కుక్కించాడు.

"ఒకేలా కనిపించేవే కదా మనుషుల్ని చంపేది!" అంది విల్యా. "తినే తెల్లదాన్ని ఉంచి విషపు తెల్లదాన్ని తీసేశావు. విషపుదాని కాడ అడుగున సంచిలాంటి తొడుగు ఉంటుంది, అదే తేడా."

"అబ్బబ్బ, నీకన్నీ భయాలే! జనానికి ఆమాత్రం తెలీదా?"

ఛీ, ఏం మనిషి! ఈ సాయంత్రమే కొత్త యాప్ అందరి ఫోన్లలోకీ వెళ్లిపోతుంది. రేపు తన హెల్వి పిన్నితో సహా కువోపియో ఊరి జనమంతా బుట్టలు పట్టుకుని అడవిలో ఉంటారు.

భోజనాల వేళ ఆఫీసు వంటగదిలో విల్యా తెల్ల పుట్టగొడుగులు వెన్నలో వేయించింది. వాసనకు టోర్స్టి ఫోర్కుతో సహా వచ్చి కూర్చున్నాడు. వేయించకుండా ఉంచిన ఒకదానికి ఆమె ఫోన్ చూపించింది. తినవచ్చు అంది యాప్.

"ఎక్కడివి ఇవి?"

"ఎక్కడివైతే ఏం? నీ యాప్ చెప్పిందిగా, కానియ్."

టోర్స్టి ఫోర్కు కింద పెట్టేశాడు. "పొద్దుట్నుంచీ నాకు కడుపు బాలేదు." పళ్లాన్ని రిసెప్షన్‌లో పనిచేసే ఇంకెరి ముందుకు జరిపాడు. "నువ్వు రుచి చూసి చెప్పు."

విల్యా పళ్లెం లాక్కుని అన్నీ తనే తినేసింది. "ఏడ్చావులే. మార్కెట్లో కొన్నవి."

అతని మొహం వెలిగిపోయింది. "మరి యాప్ నిజమే చెప్పిందిగా! దీనికింత నాటకమా?"

విల్యా బ్యాగులోంచి మూత బిగించిన గాజుసీసా తీసింది. అందులో నిన్న అడవిలో తవ్వి తెచ్చిన విషపు పుట్టగొడుగు, తెల్లగా, ముద్దుగా, అడుగున సంచితో సహా ఉంది. దానికీ ఫోన్ చూపించింది.

తినవచ్చు అంది యాప్.

టోర్స్టి ఏదీ ముట్టుకోకపోయినా లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. అతను సబ్బు రుద్దుకుంటుండగానే విల్యా కొత్త యాప్‌లోంచి బాణలి వీడియోలన్నీ తుడిచేసి, పోయిన ఫొటోలన్నీ తిరిగి పెట్టింది. అన్నీ పట్టాయి, ఇంకా చోటు మిగిలింది.

ఇంకెరి ఖాళీ పళ్లెం వైపే చూస్తోంది.

"ఎక్కడివో తెలీకుండానే నన్ను తినమన్నాడు," అంది.